తలుపవతలి కాఫీ

పెద్ద రాజుగారు పోయిన మర్నాడు పొద్దున, బాల్టిక్ తీరపు కోటలో యువరాణికి ముసలి దాసి నల్ల గౌను తొడుగుతోంది.

"రాణినయ్యాను కదా, పాత నౌకర్లకి కానుకలివ్వాలి. పెళ్ళయిన కొత్తలో రోజూ కాఫీ తెచ్చి తలుపు తట్టేవాడే, అతనెవరు?"

"నౌకరేమిటమ్మగారూ! ఇక్కడ మొదటి చలికాలమంతా పెళ్ళానికి మొగుడే కాఫీ తేవాలి. యువరాజుగారే తెచ్చేవారు."

"మా పుట్టింట్లో తలుపు తట్టేది నౌకర్లే. భర్తొస్తుంటే ముందు కబురొస్తుంది. అందుకే 'అక్కడ పెట్టి పో' అనేదాన్ని."

"పెట్టేసి వెళ్ళిపోయేవారు, పాపం."

"పన్నెండేళ్ళయింది. ఒక్కరైనా చెప్పలేదేం?"

"మీకాయనంటే ఇష్టం లేదనుకున్నాం. ఆయనా అదే అనుకున్నారు."

"ఈసారి తడితే నేనే తీస్తాను."

"ఇంకెక్కడ తడతారమ్మా? రాజు తలుపు తట్టకూడదు. ఇకమీదట మీ పుట్టింట్లోలాగే, ముందు కబురొస్తుంది."