భూమయ్య బంగారు వైరు

శుక్రవారం సాంచాలు బంద్. మరమగ్గాల మోత ఆగిన ఆ ఒక్క రోజే బొంబాయి దగ్గరి కామత్‌ఘర్‌లో మనిషి మాట మనిషికి వినపడుతుంది. అందుకే భూమయ్య వారం రోజుల కోతలన్నీ దాచుకుని, ఆ పొద్దున చంద్రవ్వ చాయ్ బండి దగ్గర విప్పుతాడు. ఈసారి చేతిలో పసుపుపచ్చగా మెరిసే వైరు చుట్ట కూడా ఉంది. టేప్‌రికార్డర్ నుంచి స్పీకర్ డబ్బాకు వేసే వైరు. బొంబాయిలో ఏదో కంపెనీ చేసిందట, దానికి ఈ ఊళ్లో ఏజెంటు తనేనట.

మామూలుగా చంద్రవ్వకు భూమయ్య మాటలంటే చిరాకు. ఇవాళ మాత్రం గ్లాసులు కడగడం ఆపి మరీ వింటోంది. ఆ వైరు పెడితే చెవిటివాళ్లకు కూడా పాట వినిపిస్తుందని అతను నిన్న గల్లీలో సాంచాల మోతకు మించి అరవడం ఆమె విన్నది. ఆమె పెనిమిటి అంకుశం ఇరవై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఒకప్పుడు పాట లేనిదే ముద్ద దిగని మనిషి. వైరు నిజంగా పని చేస్తే కాళ్ల వెండి కడియాలు తీసి ఇచ్చేద్దామని ఆమె నిన్ననే నిశ్చయించుకుంది.

"మొన్న నార్పోలిల గణపతి మండపం కాడ ఈ వైరు పెట్టిన," మొదలుపెట్టాడు భూమయ్య. "పాట జర సాఫ్‌గ వచ్చింది. గంతే. నేను ఎక్కువ చెప్పేటోన్ని కాదు గద!"

"అస్సలు కాదు," అన్నాడు బెంచీ మీద కూచున్న యాదయ్య, బీడీ ముట్టించుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? జర సౌండ్ పెంచిన. పాడేటామె గాజుల సప్పుడు ఇనవడవట్టె. ఇంకింత పెంచిన, ఎనక తబలా కొట్టేటోని కడుపు ఆకలికి గుర్రుమన్నది సుత ఇనవడ్డది. పాపం, పొద్దటి సంది తినలేదు. ఇంకింత పెంచితే, ఆ స్టూడియో బయట వడాపావ్ అమ్మేటోడు 'గరమ్ గరమ్' అంటుండు! మండపంల సగం మంది లేచి వడాపావ్ కోసం ఉరికిన్రు."

"నువ్వు ఉరకలేదా బావా?" అన్నాడు యాదయ్య.

"నేను వైరు పట్టుకుని ఉంటిని గద! గప్పుడే కరెంటు పోయింది. టేపు బంద్, పాట మాత్రం బంద్ కాలే. నల్లా కట్టేసినంక పైపుల నీళ్లు కారినట్టు, వైర్ల మిగిలిన పాట అర్ధగంట కారింది. గంతల కాల్హేర్ గోదాం కాడి ముసలి వాచ్‌మన్ వచ్చిండు. పుట్టు చెవిటోడు. వైరు కొస చెవికి ఆనిచ్చిన. దిగ్గున లేచి డాన్స్! ఇనుడే కాదు, మరాఠీ పాటను తెలుగుల ఇన్నడు!"

జనం పగలబడి నవ్వారు. చంద్రవ్వ నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి ముందుకు వచ్చింది.

"మరిదీ, సేటు మన బట్ట మీద బూతద్దం పెట్టి పోగులు లెక్కవెడ్తడు. పోగులు తక్కువైతే బట్ట తానంత వాపస్ చేస్తడు. మరి మీ కంపెనీవోడు ఈ వైరు మీద ఏ అద్దం పెట్టి చూసిండు?"

"దీనికి చెవే అద్దం వదినె! ఇనేటోళ్లకు తెలుస్తది."

"అయితే మీ అన్న చెవి పెట్టి చూద్దాం."

భూమయ్య ఏమాత్రం జంకలేదు. బండి మీది టేపుకు వైరు తగిలించి, ఊరి పాటల క్యాసెట్ వేసి, బండి పక్కనే కూచున్న అంకుశం ఎదురుగా చేరాడు. పాట మొదలైంది. భూమయ్య మైమరచి తలూపుతూ తనూ గొంతు కలిపాడు. అంకుశం అతన్నే చూస్తూ కాసేపు ఉండి, మెల్లగా ఆ పాట మాటలే అన్నాడు.

"పత్తి చేన్ల కాడ... పలుకరించి పోరా..."

ఒకటే ఈలలు. యాదయ్య నోట్లోంచి బీడీ జారిపడింది. "చూసిన్రా! నేను చెప్పలే?" అంటూ భూమయ్య బెంచీ ఎక్కాడు.

చంద్రవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి కడియం మీద చెయ్యి వేసింది. వేసి, అక్కడే ఆగిపోయింది. సాంచాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పెదాలు చూసే అందరూ మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ అంతే. పదేళ్లుగా ఆమె అతని ఎదుటికి వచ్చి, మొహం చూపించి మరీ మాట్లాడుతోంది. ఆశ కొద్దీ ఆ సంగతే మరిచిపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అందరినీ నోళ్లు మూసుకోమంది. భూమయ్యను బెంచీ దింపి మళ్లీ కూచోబెట్టింది. చాయ్ గిన్నె మీది పళ్లెం తీసి అతని మొహానికి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు పాడు మరిదీ. గొంతు చించుకుని పాడు."

టేపు పూర్తి సౌండులో మోగుతోంది. పళ్లెం వెనక భూమయ్య అంతకు మించి అరుస్తున్నాడు. గల్లీ చివర కుక్కలు కూడా లేచి మొరగసాగాయి. అంకుశం పళ్లెం వంక చూశాడు, కాస్త ముందుకు వంగాడు, ఓపికగా చాలాసేపు కూచున్నాడు.

చివరికి చంద్రవ్వ వైపు తిరిగి అడిగాడు.

"పాట మల్ల ఎప్పుడు పెడ్తడే?"