లేవని పిడికిలి

పాఠాలు ఎంపికచేసే కమిటీలో వోటు ముగిసిన మధ్యాహ్నం, మిడిల్ స్కూల్ పుస్తకాల గదిలో ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు అరల్లోని నవలలు దించి అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. లొరెయిన్ మొహం కందగడ్డలా ఉంది.

“నా మొహం చూడకుండా సర్దితే జరిగింది జరగనట్టవుతుందా, ట్రూడీ?”

“ఆ టేపు ఇటివ్వు, లొరెయిన్.”

“ఇవ్వను. పొద్దున కారులో ఏమన్నావు? వద్దని పిడికిలి నేనెత్తుతా, నువ్వు ఊరుకో అన్నావా లేదా?”

“అన్నాను.”

“ఒక్క పిడికిలి లేస్తే చాలు, మిగతావాళ్ళు అయిదు వేళ్ళూ చూపించి సరేనన్నా, నవలల బదులు తెస్తున్న ఆ కంపెనీ పాఠాల పెట్టె ఆగిపోయేది. కమిటీలో నేను లేనాయె. గోడపక్కన నోరు కట్టేసుకుని కూర్చున్నా, నువ్వున్నావన్న ధైర్యంతో! నువ్వేమో మూడు వేళ్ళు ఎత్తావు. నచ్చలేదు గానీ అడ్డుపడను అని. అంతేగా?”

“అందరూ ఎత్తుతుంటే…”

“అందరి సంగతి నాకెందుకే! ఇకమీదట పిల్లలకి నవల ఉండదు. రెండేసి పేజీల ముక్కలు, కింద ప్రశ్నలు. నా ఇట్సెల్ ఉంది చూడు, ఒక్క వాక్యం కూడా రాయనని మొండికేసిన పిల్ల. నవల చివరిదాకా చదివి, రాయడానికి ఇంకో కాగితం ఇవ్వండి మిస్ అంది. దాని చేతిలో ఇప్పుడు ముక్కలు పెట్టనా?”

“నాకు తెలీదా?”

“తెలిసే చేశావు. అదే నా కడుపుమంట.”

“మెల్లగా. పక్క గదిలోనే ప్రిన్సిపాల్.”

“విననీ! అసలు కమిటీని బుట్టలో వేసిందే నీ క్లాసు. ఆ పెట్టె ముందుగా నీకిచ్చి చూశారు. నీ పిల్లల వ్యాసాలు తెరమీద వెయ్యగానే వహ్వా వహ్వా! సరే, ఒక్కమాట చెప్పు, నోరు మూసుకుంటా. అది నిజంగా అంత మంచిదా?”

“టేపు ఇవ్వు.”

“మంచిదా, ట్రూడీ?”

“…తలుపు వెయ్యి.”

“వేశాను. చెప్పు.”

“మొదట్లో కొన్నాళ్ళు చెప్పి చూశా. పిల్లలు బల్లలమీద తలలు వాల్చేశారు. తర్వాత ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు.”

“తెరవలేదా? మరి ఏం చెప్పావు?”

“ఈ నవలలే. నువ్వు నాకిచ్చిన నోట్సుతోనే. తలుపేసుకుని.”

“అంటే ఆ వ్యాసాలు…”

“వ్యాసానికి ఇచ్చిన ప్రశ్న పెట్టెలోది. రాయడం నేర్పింది ఈ నవలలే.”

“ఓరి దేవుడా! మరి ఆ మాట అక్కడ అనొచ్చుగా! నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“పిడికిలి ఎత్తినవాళ్ళు లేచి కారణం చెప్పాలి, లొరెయిన్. చెప్తే ఏడాదంతా అబద్ధమాడానని బయటపడదా?”

“నీ అబద్ధం దాచుకోడానికి నా పిల్లల పుస్తకాలు పోగొట్టావా?”

“టేపు, లొరెయిన్.”

“ఇప్పుడైనా పద, వెళ్ళి చెబుదాం. నేనూ వస్తా, పక్కన నిలబడతా. రా!”

“రాలేను.”

“ఎందుకు రాలేవు?”

“ఆ పెట్టెలో పాఠాలు ఎలా చెప్పాలో మీ టీచర్లందరికీ నన్నే నేర్పమన్నారు. ఒప్పుకున్నాను.”