మెర్ల్ గారి చీటీల పెట్టెలో నార్మన్

1984 మార్చి అయిదో తేదీన శ్రీమతి మెర్ల్ ట్రెవాస్కిస్ గారు పోర్ట్ పిరీ రేవు కార్మిక సంఘ కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. ముప్ఫయ్యేడేళ్ళ నిర్విరామ సేవానంతరం ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు. ఇంకా పెద్ద మాటలు రాస్తే ఆమే కొట్టేస్తారు కనుక అసలు సంగతికి వస్తాను.

1991లో సంఘ పత్రిక బాధ్యత స్వీకరించారు. అప్పటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంగ్లీషులో ఫలానా క్రియ తర్వాత 'టు', 'ఎగైనెస్ట్' లాంటి కలిపే మాట పెట్టాలా, అక్కర్లేదా అని సభ్యులూ వాళ్ళ పిల్లలూ అడిగేవారు. ఆమె ప్రశ్నను చీటీ మీద రాసుకుని, పదింటి టీ వేళ అందరిచేతా చేతులెత్తించి, ఆ తర్వాతే జవాబు చెప్పేవారు. నిఘంటువు ఉండగా ఇదేం పద్ధతో నాకు ఏనాడూ బోధపడలేదు.

"నిఘంటువు మన రేవులో బస్తాలు మొయ్యలేదుగా!" అనేవారు.

2002లో కంపెనీ నలభై ఒక్కమందిని తీసేసింది. సాయంత్రం నాలుగులోపు అప్పీలు చేరకపోతే వాళ్ళ పని పోయినట్టే. కార్యదర్శిగా రాయవలసింది నేను, పదమూడో ఏట బడి మానినవాణ్ణి. అంతకుముందు నా ఉత్తరం చదివి కంపెనీ వకీలు పకపకా నవ్వాడు. ఇంగ్లీషులో 'నిర్ణయాన్ని అప్పీలు చేస్తున్నాం' అంటే చాలా, మధ్యలో 'ఎగైనెస్ట్', అంటే 'వ్యతిరేకంగా' అని కలపాలా? కలం కదల్లేదు. మెర్ల్ గారిని అడగడానికి సిగ్గేసి, గేటు ఫోను నుంచి గొంతు మార్చి, నా పేరు నార్మన్ అన్నాను.

"పదింపావుకి మళ్ళీ చెయ్యండి, నార్మన్ గారూ."

పదింటికి నా ప్రశ్నకు నేనే చెయ్యెత్తాల్సి వచ్చింది. కలపాలన్నప్పుడు ఎత్తాను. అక్కర్లేదన్నప్పుడూ ఎత్తాను.

"ఏంటి క్లెమ్, సమ్మె రోజూ ఇంతేనా, రెండు పక్కలా?" అని క్రేన్ నడిపే వసీలిస్ అరిచాడు. "మెర్ల్ తల్లీ, ముందా బిస్కెట్లు ఇటు తొయ్యి!"

మళ్ళీ గేటు దగ్గరికి పరుగెత్తాను.

"సరిసమానం, నార్మన్ గారూ. ఏది రాసినా మీతో కలిపి తొమ్మిదిమంది ఉన్నారు. భయపడకుండా రాసెయ్యండి."

రాశాను. మూడు నెలలకు నలభై ఒక్కమందీ తిరిగి పనిలోకి వచ్చారు. ఆ కలిపే మాట ఊసు ఎవరూ ఎత్తలేదు. కానీ నార్మన్ ఆ గదిలోనే లేడు కదా, 'మీతో కలిపి' ఎలా అయ్యారు? పంతొమ్మిదేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

మొన్న ఆమె చీటీల పెట్టె సర్దుతూ ఒక చీటీ నా చేతిలో పెట్టారు. "నార్మన్. అప్పీలు. తొమ్మిది, తొమ్మిది. క్లెమ్ రెండుసార్లు ఎత్తాడు, పాపం."

ఇన్నేళ్ళూ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ క్రియకు కలిపే మాట కావాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. మెర్ల్ గారు నిండు ఆరోగ్యంతో, చెక్కుచెదరని జ్ఞాపకంతో చిరకాలం వర్ధిల్లాలి. సోమవారం పదింటికి నార్మన్ ఆమె ఇంటికి ఫోను చేస్తాడు, దయచేసి ఎత్తాలి.