ఎండలో కనపడే తెర

కోడుమూరు బస్టాండు ఎదురుగా సుదర్శన్ సెల్‌ఫోన్ల అంగడి. మిట్టమధ్యాహ్నం. సలోమి, ఆమె భర్త ఏసుకుమార్ కౌంటరు ముందర నిలబడి ఉన్నారు.

"వద్దులే అన్నా, ఇది వద్దు. ఇంత నున్నగుంటే దాంట్లో నా మొగమే కనపడ్తాది. నాకు మొగం చూసుకొనే పని లేదు, చేను కనపడల్ల."

"సలోమక్కా, గాజు అన్నిటికీ నున్నగానే ఉంటాది. పైన గరుకు రేకు అంటిస్తా. మెరుపు రాదు."

"రేకు అంటిస్తే మసకయితాది కదప్పా సుదర్శనా."

"కాదులే ఏసన్నా. అక్కా, ముందర పాత ట్యాబుకు ఏమాయనో చెప్పు. అది తెలిస్తే కదా ఏమియ్యాల్నో నాకు తెలిసేది."

"అది చచ్చిపోయిండాది."

"అదే, ఎట్ల?"

"ఎండకు పెనం మాదిరి కాగుతాండె. డ్రోన్ పైన ఎగరతానే ఉంటాది, కింద నా చేతిలో తెర ఆరిపోతాండె. నా పానం పోతాండె. మందు పక్క చేన్లో పడితే ఎవురు పడల్ల మాట? అందుకని తడిగుడ్డ చుడ్తి."

"ట్యాబుకు తడిగుడ్డ చుడ్తివా?"

"నీళ్ళ బిందెకు చుట్టమా? అట్లనే. సల్లగుంటాది కదా అని. నాలుగు దినాలు బాగనే పని చేసె. అయిదో దినం తెర లోపల చెమ్మ దిగిండాది. ఇంగ లేయలే."

"ట్రైనింగులో చెప్పలేదా అక్కా ఇట్ల చేయగూడదని?"

"మా ఆడోళ్ళ సంఘానికి డ్రోన్ వచ్చినాక ట్రైనింగిచ్చింది వానాకాలంలో అన్నా, మబ్బు కింద. పది దినాలు. పరీక్షలో నాకు తొంభై రెండు మార్కులు వచ్చె. ఎండ గురించి ఎవురూ చెప్పలే. చెప్పేవాళ్ళది మన పక్క కాదు."

"సరే, ఇది చూడు. ఎనిమిది అంగుళాలు."

"శానా చిన్నది."

"ఏమప్పా, నువ్వు చెప్తాండావేమి, నేను కదా చూసేది? చిన్నదేం కాదు. పాతది కూడా ఇంతే."

"పాతదాంట్లో నీకు గట్లు కనపడవంటివి కదా."

"గట్లు కనపడకపోయింది ఎండకు. సైజుకు కాదు."

"ఏసన్న చెప్పేది కూడా నిజమేలే అక్కా. పెద్దది చూపిస్తా. ఇదో, పది అంగుళాలు. దీని వెలుతురు చూడు, ఇంత దాకా పెంచొచ్చు."

"బరువుండాదే సుదర్శనా. రిమోట్ ఒకటి, దాని మీద ఇదొకటి. మెడకు తగిలించుకొని నిలబడేది ఆడమనిషి."

"బరువా? పదారు లీటర్ల ట్యాంకు వీపుకు కట్టుకొని పత్తి చేన్లో పొద్దస్తమానం మందు కొడ్తి, అప్పుడు ఎవురూ బరువుండాదా అని అడగలే. ఇప్పుడు అరకేజీ బరువంట. నవ్వొస్తాది నాకు."

"నీకోసమే చెప్తాండా."

"నాకోసమైతే బిరబిరా ఏదో ఒకటి తీసుకో. అన్నా, రేపు పొద్దన ఆరు గంటలకు హనుమేష్ చేన్లో ఉండల్ల నేను. ఎనిమిదెకరాల కంది. పురుగు కాయలోకి దూరతాండాది. ఆయప్ప నిన్న మా గడప ముందర నిలబడి, సలోమీ, నువ్వు రాకపోతే నా పని అయిపాయ అన్యాడు. నన్ను. ఒక మొగోడు వచ్చి నన్ను అట్ల అడిగింది ఇదే మొదలు."

"అట్లనా?"

"ఆ. ఈ డ్రోన్ పట్టుకొన్యాకనే నన్ను పేరు పెట్టి పిలుస్తాండారు. అంతకుముందర ఏసుకుమార్ పెండ్లామే. ఇది గానీ చేయి జారిందా, మళ్ళ పత్తి ఏరేదానికి పోవాల్సిందే. నేను పోను. ఒట్టు పెట్టుకొన్యా."

"ఒట్లు ఏమిటికి పెట్టుకొంటావు?"

"నీకేమైంది పొద్దన్నుంచి? బస్సులో కూడా మాట్లాడలే."

"ఏం కాలే."

"అన్నా, ఆ పెద్దది ఇట్లియ్యి. బయటికి పొయ్యి ఎండలో చూసొస్తా. అంగట్లో లైటు కింద అన్నీ బాగనే ఉంటాయి."

"చూసిరా అక్కా. మెట్టు ఎత్తుగా ఉండాది, చూసుకొని దిగు."

"సుదర్శనా."

"చెప్పన్నా."

"అది కూడా బాగలేదని చెప్పు."

"ఏమిటికి? నా అంగట్లో ఉండేదాంట్లోకంతా అదే మంచిది."

"అందుకే చెప్తాండా."

"ధర ఎక్కువయితాదనా? నేను చూసుకొంటాలే, మీ దగ్గర ఏం లాభం తీస్తాను."

"ధర కాదప్పా."

"మళ్ళ?"

"స్టాకు లేదని చెప్పు. కర్నూలు నుంచి రావల్లని చెప్పు. వారం దినాలు పడ్తాదని చెప్పు."

"నాలుగు పెట్టెలు ముందర పరుచుకొని స్టాకు లేదంటే ఆయక్క నమ్ముతాదా? ఏం జరిగిందన్నా?"

"ఏం జరగలే."

"ఏం జరగకపోతే ఆయక్కకు అబద్ధం చెప్పమంటావేమి?"

"ఇప్పుడేం అడగొద్దు."

"టీ చెప్పియ్యమంటావా?"

"వద్దు. వారం దినాలు, అంతే. ఈ లోపల నేను ఎట్లో ఒకట్ల చెప్పుకొంటా. నీకు పుణ్యముంటాది సుదర్శనా."

"ఏం చెప్పుకొంటావు? ఎవురికి?"

"వస్తాండాది, వస్తాండాది. ఊరుకో."

"కనపడ్తాదప్పా! ఎండ నడినెత్తిన ఉండాది, అయినా కనపడ్తాది. ఎమ్మిగనూరు బస్సును ఫోటో తీస్తి, బోర్డు మీద అక్షరాలు కూడా చదివితి. ఇంగ నువ్వు గొడుగు పట్టే పని లేదు. పాపం అన్నా, ఈయప్ప ఇన్ని దినాలు నా ఎనకాల్నే గొడుగు పట్టుకొని గట్టు మీద నడుస్తాండె. తాను ఎండలో, నా తెర నీడలో. ఊర్లో వాళ్ళు నవ్వినా పట్టించుకోలే."

"అక్కా, అది... ఏసన్న ఏమంటాడో."

"ఏమంటాడు? బాగుంది కదా?"

"జీపీఎస్ ఉండాదా అడుగు."

"చూడు, అది తెలివైన మాట. ఉండాదా అన్నా? లేకపోతే చేను కొలత ఎక్కదు."

"సిమ్ వేసేదాంట్లో ఉంటాది. ఇది సిమ్ వేసేదే."

"రిమోటుకు కూర్చోకపోతే?"

"రిమోట్ తెచ్చినా కదప్పా, సంచిలో ఉండాది. కూర్చోబెట్టి చూస్తే సరిపాయ. ఇదో అన్నా. ఈ కొక్కీలు రోంత వదులు చెయ్యి. ఆ. సరిపాయ చూడు, కొలిచి చేసినట్లుండాది."

"వైరు కూడా సరిపాయ అక్కా. యాప్ ఎక్కిస్తాండా, నా వైఫైలో బిరీగా వస్తాది."

"ఇంగ ఏమన్నా వంక మిగిలిండాదా ఏమప్పా?"

"వంకలు కాదు సలోమీ. ఈ పొద్దు తీసుకోవాల్నా అని."

"రేపు కందికి కొట్టల్లంటే ఈ పొద్దు కాకుండా ఎప్పుడు తీసుకొంటారు?"

"అక్కా, నీ నంబరు కొట్టు. పాస్‌వర్డ్ కూడా."

"ఇదో. ఇంగ నా పేరు వస్తాది చూడు, కింద నేను కొట్టిన చేన్లన్నీ వరసగా వస్తాయి. నూట పదెకరాలు ఎక్కిండాది. నీకు చూపిస్తా."

"ఏదో ఎర్రగా వస్తాండాదే."

"చదువన్నా, నాకు ఇంగ్లీషు రోంత కష్టం."

"ఈ ఖాతాతో ఈ డ్రోన్ నడిపేదానికి అనుమతి లేదు అంటాండాది."

"మళ్ళ కొట్టు. నంబరు తప్పు పడినట్లుండాది."

"నంబరు సరిగ్గానే ఉండాది అక్కా. కింద ఇంకా ఉండాది. పైలట్ మారినారంట. కొత్త పైలట్ పేరు నాగజ్యోతి."

"నాగజ్యోతమ్మా? మాకు చేను గుత్తకిచ్చిన సుధీర్ సారు భార్యనా? ఆయమ్మ ఏమిటికి వస్తాది దీంట్లో? ఆయమ్మ చేన్లోకే రాదు. కంపెనీ వాళ్ళు ఏదో తప్పు ఎక్కిచ్చినారు. సంఘానికి పెద్ద ఆయమ్మ అత్త కదా, ఆ ఇంటి పేరు చూసి కలిపేసినారు. కంపెనీ నంబరు ఉండాది నా దగ్గర, నువ్వు రోంత మాట్లాడన్నా, నీకైతే ఇంగ్లీషు వస్తాది."

"నంబరియ్యి. లోపల సిగ్నల్ ఉండదు, మెట్ల కాడికి పొయ్యి చేస్తా."

"ఫోన్ వద్దు."

"ఏమప్పా?"

"ఫోన్ చేయొద్దని సుదర్శన్‌కు చెప్పు."

"ఆయప్ప అప్పుడే మెట్ల కాడికి పొయ్యె. ఏమిటికి వద్దు?"

"కంపెనీ వాళ్ళది తప్పేం లేదు."

"మళ్ళ ఎవురిది?"

"డ్రోన్ సంఘం గదిలో లేదు సలోమీ."

"లేకపోతే యాడ ఉంటాది? శనివారం నేనే తుడిచి పట్ట కప్పి వస్తి."

"నిన్న సాయంత్రం సుధీర్ సారు వాళ్ళ బొలెరోలో ఎక్కిచ్చుకొని పోయినారు. పేరు నాగజ్యోతమ్మది. ఎగరేసేదానికి డోన్ టౌన్ నుంచి ఎవురో ఒకాయన వస్తాడంట."

"నువ్వు చూసినావా ఎక్కిస్తాంటే?"

"చూసినా."

"చూసి?"

"ఒక పక్క పట్టుకోమనిరి. పట్టుకొంటి."

"నా డ్రోన్‌ను నువ్వే మోసి బండికి ఎత్తిస్తివా?"

"ఏం జేయమంటావు? అందరూ నిలబడి చూస్తాండారు."

"రాత్రి అన్నం పెట్టేటప్పుడు చెప్పొచ్చు కదా. పొద్దన రిమోట్ సంచిలో పెట్టుకొంటాంటే చెప్పొచ్చు కదా. బస్సెక్కి, ఇంత దూరం వచ్చి, నాలుగు పెట్టెలు ఇప్పించి, ఇది చిన్నది అది బరువు అంటివి."

"నోరు రాలే."

"సరే, లే. పోదాం పద. సంఘం వాళ్ళందరినీ కూర్చోబెడ్తా. ఎవుర్ని అడిగి మారిచ్చినారు? ఊరికెనే మారిచ్చేదానికి కుదరదు. తీర్మానం ఉండల్ల. పదిమంది సంతకాలు ఉండల్ల."

"ఉండాయి."

"నాది లేకుండా చెల్లదు."

"నీదీ ఉండాది."

"ఎట్లుంటాది? నేను ఏ మీటింగుకు పొయ్యినా?"

"శుక్రవారం చేసినావు."

"శుక్రవారం నేను చేసింది కొత్త ట్యాబు కొనేదానికి. నువ్వే కదా సంఘం పుస్తకం ఇంటికి తెస్తివి? పిండి చేతులు కడుక్కొని చేస్తి."

"సుధీర్ సారు నాకూ అట్లనే చెప్పె. ట్యాబుకేనని. తెచ్చేటప్పుడు నాకూ తెలీదు సలోమీ. మన బిడ్డ మీద ఒట్టు."

"ఆ పేజీలో ఏం లేదు. ఖాళీగా ఉండె."

"మనం ఎప్పుడూ అట్లనే కదా చేసేది. ముందర అందరూ సంతకాలు చేస్తారు. పైన తర్వాత రాసుకొంటారు."

"ఏమని రాసిండారు?"

"ఇంటికి పొయ్యినాక చెప్తా."

"ఈడనే చెప్పు."

"ఫోటో ఉండాది. సారు పంపిచ్చినాడు, నీకు చూపిచ్చి నిదానంగా చెప్పమని. రెండు దినాలాయ."

"ఇట్లియ్యి ఫోను. 'సభ్యురాలు శ్రీమతి సలోమి ఎండ వేడిమికి ఆరోగ్యము సహకరించనందున, డ్రోన్ నడుపుటకు తన అశక్తతను తెలియజేసి, పైలట్ బాధ్యతల నుండి ఇష్టపూర్వకముగా తప్పుకొనుచున్నారు.' అశక్తత అంటే ఏమి?"

"ఇడిసిపెట్టు."

"అశక్తత అంటే ఏమి?"

"చేతకాదని."

"నాకా? తడిగుడ్డ చుట్టినానని చేతకాదా? ఒక్క ఎకరా పక్కకు పోయిండాదా నా చేతిలో? ఒక్కరి పంట మాడిందా?"

"లేదు."

"రేపు హనుమేష్‌కు ఏం చెప్పల్ల నేను? చేతకాదని చెప్పల్లా?"

"మనం చేసేది వాళ్ళ చేను సలోమీ. ఆరెకరాల గుత్త. కంది నిలబడిండాది. ఈ నెల్లోనే ఇడిసిపెట్టమంటే ఏం తింటాము? ఆ మాటే సారు అడిగినాడు నన్ను. నేనేం చెప్పల్ల?"

"నాకు చెప్పల్ల. ఆయనకు ఏం చెప్తావో నాకు తెలీదు, నాకు చెప్పల్ల. సరే, లక్ష్మక్కను అడుగుతా. సంఘం పుస్తకం రాసేది ఆయమ్మ. పరీక్షకు నేను పొయ్యేటప్పుడు తన చీర ఇచ్చి పంపిచ్చె. ఆయమ్మకు చెయ్యి ఎట్ల వచ్చె ఈ మాటలు రాసేదానికి?"

"ఆయమ్మను ఏమనొద్దు."

"ఏమిటికి అనగూడదు?"

"ఆయమ్మ రాయలే. సలోమి నా ముందర కూర్చొని తన నోటితో చెప్తే గానీ పెన్ను పట్టనని, పుస్తకం ఆడనే పడేసి లేసి పొయ్యె."

"మళ్ళ రాసిందెవురు?"

"అక్కా, కంపెనీ వాళ్ళు ఫోన్ ఎత్తుతా లేరు. ఇంకోసారి చేస్తాలే, ఉండు."

"వద్దులే సుదర్శనన్నా. చాలు. రోంత సేపు మమ్మల్ని ఇడిసిపెట్టు. ఏమప్పా, నిన్నే అడిగేది. రాసిందెవురు?"

"ఇంటికి పోదాం పా."

"నాగజ్యోతమ్మా? వాళ్ళ అత్తకు సంతకమే సరిగ్గా రాదు. సుధీర్ సారు రాసినాడా?"

"సారు చెప్పినాడు."

"ఎవురికి?"

"మాట ఒక్కొక్కటే నిదానంగా చెప్తాండె. నేను రాస్తాంటి."