ఆకుపచ్చ చుక్కకు కాపలా

మూడో అంతస్తులో చిన్న ఇల్లు. లోపలి గది తలుపు మూసి ఉంది. ముందు గదిలో ఒక ముసలావిడ, అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఒక అమ్మాయి.

"ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. అంత దూరంలో కూర్చుంటే నీ మాట నాకు వినపడదు, నేను గట్టిగా అరిస్తే లోపల దానికి వినపడుతుంది. ఆ తలుపు పేరుకే తలుపు, అట్టముక్క. మా మనవరాలు మీటింగులో ఉంది. తలుపేసుకుంటే పిలవకూడదని మా ఇంట్లో కట్టడి. నువ్వు నీళ్ల మీటరు చూడ్డానికొచ్చావా?"

"కాదండీ. మీ మనవరాలితోనే పని. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. మేమిద్దరం మూడేళ్లు కలిసి పనిచేశాం."

"కలిసి ఎక్కడ చేశారు? దాని కంపెనీకి ఆఫీసే లేదుగా. గోడా లేదు, గుమ్మమూ లేదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేసుకోవడమేనని చెప్పిందే."

"అవునండీ. కలిసి అంటే అలా కలిసి. ఎదురుపడింది ఎప్పుడూ లేదు. ఇవాళే మొదటి... హచ్."

"నూరేళ్లు. ఉండు ఉండు. ఇంకోసారి తుమ్ము."

"చెప్తే వస్తుందా అండీ... హచ్."

"నూరేళ్లు. నువ్వు తుమ్ముల పిల్లవి కదూ. పొద్దున తొమ్మిదిన్నరకి దాని కంప్యూటరు డబ్బాలోంచి జంట తుమ్ములు వచ్చేవి. నేను వంటింట్లో కూర తరుగుతూ అక్కణ్ణించే అనేదాన్ని."

"'నూరేళ్లు' అనేది మీరేనా? మా ఆరుగురిలో ఎవరింట్లోనో పెద్దావిడ ఉన్నారనుకునేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కంపెనీలో పనికి సంబంధం లేని మాట అదొక్కటేనండీ."

"మెడకున్న ఆ నీలం మఫ్లరు చూసైనా పోల్చుకోవద్దూ నేను. ఇవి కళ్లు కావు, గోలీకాయలు. నేనల్లిందే అది. ఆ పిల్ల గొంతు పాడైపోతోందే, పంపించవే అని నెల రోజులు సతాయిస్తే పార్సిలు చేసింది మా బుజ్జి."

"ఆ పార్సిలు మీద అడ్రసు పట్టుకునే వచ్చాను. అట్టముక్క చించి దాచుకున్నా. అది లేకపోతే ఈ ఇల్లు కనుక్కోవడం నా తరమయ్యేది కాదు."

"ఫోన్ చేస్తే సరిపోయేదిగా, పిచ్చితల్లీ."

"నంబరు లేదండీ."

"మూడేళ్ల స్నేహానికి నంబరు లేదా?"

"మాటలన్నీ కంపెనీ వాళ్ల చాట్ డబ్బాలోనే. దాన్ని నాకు మూసేశారు. మనుషులూ అందులోనే ఉండిపోయారు."

"మూసేయడమేంటి? నువ్వు సెలవులో ఉన్నావుగా."

"సెలవులో ఉన్నానని ఎవరన్నారు?"

"బుజ్జే. తుమ్ములు వినపడటం లేదేమే అంటే సెలవు పెట్టిందంది. పది రోజులు పోయాక మళ్లీ అడిగా. వేరే జట్టుకి మారిందంది. మూడోసారి అడిగితే, అమ్మమ్మా నీకు పనేం లేదా అని కసిరింది. ఎప్పుడూ కసిరే పిల్ల కాదు."

"నన్ను తీసేశారండీ. నలభై రోజులైంది."

"అయ్యో."

"శుక్రవారం పొద్దున తొమ్మిదికి మేనేజరు పిలిచాడు. ఏడు నిమిషాలు మాట్లాడాడు. నేను సగం మాటలో ఉండగానే తెర నల్లబడింది. ఉద్యోగం పోతే బల్ల ఖాళీ చేస్తారు కదా, నాకు అదీ లేదు. బల్ల నాదే, కుర్చీ నాదే, ఎదురుగా గోడా నాదే. లేచి ఎక్కడికి వెళ్లాలో తెలీక అక్కడే కూర్చున్నా."

"ఇంట్లోవాళ్లు ఏమన్నారు?"

"చెప్పలేదు."

"ఎవరికీ?"

"మా ఆయనకీ చెప్పలేదు, అత్తగారికీ చెప్పలేదు. తొమ్మిదింటికి తలుపేసుకుంటా, ఆరింటికి తీస్తా. మధ్యలో గోడ చూస్తా. అత్తగారు టీ తెచ్చి గుమ్మం బయట నేల మీద పెట్టి, గ్లాసు చప్పుడైనా కాకుండా వెళ్తారు. కోడలు మీటింగులో ఉందని పక్కింటి వాళ్ల కుక్కని కూడా అదిలిస్తారు."

"మరి ఇవాళ ఎలా బయటపడ్డావు?"

"ఆఫీసు వాళ్లందరూ ఒక చోట కలుసుకుంటున్నారని చెప్పాను. ఆవిడే చీర ఇస్త్రీ చేసిచ్చారు."

"ఎందుకమ్మా ఇంత యాతన? తీసేస్తే తీసేశారు, ఇంకో చోట దొరకదా?"

"ఉద్యోగం కోసం రాలేదండీ. ఒక్కటి అడగాలి. నన్ను తియ్యడానికి మీ మనవరాలు ఎందుకు ఒప్పుకుంది?"

"మా బుజ్జా? నీ గురించా? ఆ నోట నీ మీద చాడీ ఒక్కటీ రాలేదు. నువ్వు లేకపోతే ఆ పని మొత్తం తన నెత్తిన పడేదని చెప్పేది."

"నాకూ అదే చెప్పేది. అందుకే వచ్చాను."

"ఆ మేనేజరు అబద్ధమాడి ఉంటాడు."

"లేదండీ. నా దగ్గర ఫోటో ఉంది. నేనొక్కణ్ణే కాదు, మీ జట్టు లీడు కూడా సరేనంది చూడు అని తెర మీద చూపించాడు. ఫోన్‌తో తీసుకున్నా. చదవనా?"

"చదువు. నాకు ఒక్క ముక్క రాదు."

"గురువారం, పదకొండూ పది. 'నీ జట్టులో ఒకరిని తగ్గించాలి. ఈ అమ్మాయిని అనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటే సాయంత్రం అయిదులోపు చెప్పు.' దాని కింద మీ మనవరాలి గుర్తు. ఇదుగో. బొటనవేలు బొమ్మ."

"ఏదీ? దగ్గరికి పెట్టు. ఇదా?"

"అదే. ఒక్క మాట రాయలేదు. మూడేళ్ల మనిషినండీ నేను, నాకు ఒక బొటనవేలు. తిట్టినా బావుండేది."

"ఏ గురువారం అన్నావు?"

"నన్ను తీసేసిన శుక్రవారానికి ముందు రోజు. నలభై ఒక్క రోజులు."

"అంటే పై ఇంటివాళ్లు బీరువా దింపిన రోజు. రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుంది. కిందకీ పోదు, పైకీ రాదు. దాని అద్దం భళ్లున పగిలితే నేను ఈ కుర్చీలో ఉలిక్కిపడ్డాను. లేచి చూద్దామంటే లేవకూడదు."

"ఎందుకు లేవకూడదు?"

"ఏం లేదులే. టీ తాగుతావా?"

"అమ్మమ్మగారూ."

"అల్లం వేసి పెడతా, గొంతుకి మంచిది."

"అమ్మమ్మగారూ, ఎందుకు లేవకూడదు?"

"కాపలా ఉన్నాను కాబట్టి."

"దేనికి?"

"తెర మీద దాని పేరు పక్కనుండే ఆకుపచ్చ చుక్కకి. నీకు తెలీనిదా? కంప్యూటరు ఎలకని కదపకపోతే అయిదు నిమిషాలకి చుక్క పసుప్పచ్చగా మారుతుంది, మనిషి సీట్లో లేదని పైవాళ్లకి తెలిసిపోతుంది. బుజ్జి బయటికెళ్తే నేను కూర్చుని ఎలకని కదిపేదాన్ని. ఎడం చేత్తో ఎలక, కుడి చేత్తో చిక్కుడుకాయలు. ఎనిమిదిసార్లు కూర్చున్నా, ఒక్కసారీ పసుపు పడనివ్వలేదు."

"బయటికి ఎక్కడికండీ?"

"అది నేను చెప్పకూడదు. చెప్పనని దాని నెత్తి మీద చెయ్యేసి ఒట్టేశాను."

"సరే. చెప్పకండి."

"ఆస్పత్రికి. దాని మెడ మీద గడ్డ వచ్చింది. మంచిదో చెడ్డదో తేలడానికి నెలన్నర తిప్పారు. మంచిదేనని తేలిందిలే, మొన్నటి వారమే."

"సెలవు పెట్టాల్సింది కదా... లేదు లేదు. నాకు తెలుసు. ఆస్పత్రి అని సెలవు పెట్టిన ఇద్దరు నెల తిరక్కుండా పోయారు."

"అదే భయం దానికి. జీతం పోతే గడ్డకి మందెక్కణ్ణించి వస్తుంది? అందుకని ఈ చదువురాని దాన్ని కూర్చోబెట్టింది. పాపం, అన్నీ నేర్పింది. డబ్బా టుంగుమంటే ఎవరో ఏదో రాసినట్టు. జవాబివ్వకపోతే అనుమానం. అందుకని ప్రతి దాని కింద బొటనవేలు నొక్కు అమ్మమ్మా, చూశానని అర్థం, ఎవరూ నొచ్చుకోరు అంది."

"ప్రతి దానికీనా?"

"ఆ రోజు తొమ్మిది మోగాయి. బీరువా అద్దం పగిలిన వెంటనే ఒకటి మోగింది. గోడ మీద గడియారం చూశాను, పెద్ద ముల్లు రెండు మీదుంది. నొక్కాను. అంత ఉలికిపాటులోనూ గురి తప్పలేదు. గురి తప్పలేదని మురిసిపోయాను కూడా."

"అంటే..."

"అది నా వేలు తల్లీ. బుజ్జిది కాదు. నీ నోటికాడ కూడు నేను లాగేశాను. వంటింట్లోంచి నూరేళ్లు నూరేళ్లు అంటూ, ఈ వేలితో నేనే నీ పని ముగించాను."

"ఏడవకండి. అమ్మమ్మగారూ, ఇటు చూడండి. నేను నవ్వుతున్నాను చూడండి. ఆమె కాదన్నమాట. నలభై రోజులు గోడకేసి చూస్తూ నేను చేసిన తప్పులన్నీ ఏరుకున్నానండీ. రెండేళ్ల కిందట ఆమె మాటకి అడ్డం వచ్చానే, అదా? పండక్కి శుభాకాంక్షలు ఆలస్యంగా పెట్టానే, అందుకా? ఏమీ లేదన్నమాట. చూడను కూడా చూడలేదు పాపం."

"చూడలేదు తల్లీ. దానికి తెలిస్తే ఊరుకునేదా?"

"ఊరుకునేది కాదు."

"పన్నెండున్నరకి ఇంటికొచ్చింది, చెప్పులైనా విప్పకుండా డబ్బా ముందు కూర్చుంది..."

"పన్నెండున్నరకా?"

"అవును. కుక్కరు మూడో కూత కూస్తోంది. కూర్చుని ఏం మోగాయో అన్నీ పైనించి కిందకి చదువుకుంది. అన్నిటికీ నొక్కావా అమ్మమ్మా అంది. ఒక్కటీ వదల్లేదే అన్నాను, మెచ్చుకుంటుందనుకుని."

"మెచ్చుకుందా?"

"ఎక్కడ మెచ్చుకుంది? అన్నానికి పిలిస్తే రాలేదు. ఆస్పత్రి వాళ్లేమైనా చెడ్డ కబురు చెప్పారేమో అనుకున్నాను. ఏమన్నారే అంటే ఏం లేదంది. మూడింటికి కంచం తీసుకెళ్లి పక్కన పెట్టా. ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆ తెరకేసి చూస్తూ కూర్చుంది. ఏదో రాయబోయేది, చెరిపేది. రాయబోయేది, చెరిపేది. అలా అలా అయిదు కొట్టాక లేచి, మొహం కడుక్కుని..."

"అయిదు కొట్టాక."

"అయిదు కొట్టాక. కడుక్కుని, ఆ చల్లారిన అన్నం... అయిదంటే ఏమిటి? ఆ ఫోటోలో అయిదని ఏదో చదివావు."

"ఏం లేదండీ."

"అదీ ఇలాగే ఏం లేదంది. చెప్పు."

"అయిదులోపు వద్దని చెప్తే నన్ను ఉంచేవాళ్లు."

"చెప్తే సరిపోయేదా? నేను నొక్కేశాక కూడానా?"

"ఒక్క మాట రాయాలి. అది నొక్కింది నేను కాదు అని."

"కాదంటే మరి ఎవరు, నువ్వెక్కడికెళ్లావు అంటారు."

"అంటారు."

"ఆస్పత్రి బయటపడుతుంది."

"నా బదులు ఆమె పోయేది. నేనైతే ఏం చేసేదాన్నో నాకూ తెలీదండీ. మెడ మీద గడ్డ పెట్టుకుని కూర్చుంటే."

"అంతా నా చేతి పాపమే. దాన్ని ఏమీ అనకు."

"మీ వేలు ఒక్క క్షణం అమ్మమ్మగారూ. మిగతా నాలుగున్నర గంటలు మీవి కావు."

"కాసేపుండు, మీటింగు అవగానే దాన్నే అడుగుదువుగాని."

"ఆ మీటింగు ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడేగా. నువ్వు కింద బెల్లు కొట్టి గోడ ఫోను గొట్టంలో మాట్లాడావే, నాకు వినపడక దానికిచ్చాను. అది నీ మాట విని, పైకి రానిచ్చే మీట నొక్కి, మీటింగు వచ్చిందమ్మమ్మా అని లోపలికెళ్లి..."

"నా మాట విన్నాక."

"విన్నాక."

"బుధవారం ఈ వేళకి మీటింగులు పెట్టరండీ. మూడేళ్లు ఈ గంటలోనే నేను అన్నం తిన్నాను. తలుపేసుకుని మీటింగని చెప్పడం నాకూ వచ్చు."

"పిలుస్తాను ఉండు."

"వద్దు. నేను వెళ్తా... హచ్."

"నూరేళ్లు."

"చాలండీ. ఇంకా ఎందుకు నా మీద దయ."

"నేను అనలేదు తల్లీ."

"మీరు కాదా?"

"కాదు. అది ఆ తలుపు వెనకాల నించి వచ్చింది."

"అయితే అంతా వింటూనే ఉందన్నమాట."

"బుజ్జీ. తియ్యవే. అక్కడే నిలబడ్డావు, నాకు నీ కాళ్ల నీడ కనపడుతోంది. ఏమీ అనదే ఈ పిల్ల, మంచిది. నా మొహం చూసైనా తియ్యి. బుజ్జీ."

"పిలవకండి అమ్మమ్మగారూ. చప్పుడు చెయ్యకూడదు. మీటింగులో ఉంది."

"అంత మాటనకు."

"వెళ్లొస్తానండీ. బస్సు తప్పితే ఇబ్బంది, ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. మఫ్లరు తిరిగిచ్చేద్దామని తెచ్చాను. ఇవ్వను. ఇది మీరల్లింది."

"ఉంచుకో. ఇంటికెళ్తే మీ అత్తగారు అడుగుతారుగా, మీ వాళ్లంతా ఎలా ఉన్నారని?"

"గుమ్మంలోనే అడుగుతారు. ఏం చెప్పాలో ఇంకా కుదరలేదు."

"ఉన్నదున్నట్టు చెప్పు. గ్లాసు చప్పుడు కాకుండా టీ పెట్టే మనిషి, ఆవిడకి అబద్ధం చెప్పకు. తుమ్మినప్పుడల్లా దీవించిన ఒక ముసలిది, అక్షరం రాని వేలితో నా కొంప ముంచిందని చెప్పు. బీరువా సంగతి చెప్పు, అద్దం చెప్పు, తొమ్మిది మోతలూ చెప్పు. ఆవిడ ఇంకెవరికైనా చెప్తే చెప్పనీ. నాకు ఎనభై నిండాయి, నాతో ఇది పోకూడదు. గుర్తుంచుకుంటావుగా?"

"మర్చిపోవడం ఎలాగో చెప్పండి."

"ఏదీ దాచొద్దు. నాలుగున్నర గంటలూ చెప్పు. ఆఖర్న ఒక్కటి మాత్రం నా కోసం మార్చి చెప్పు తల్లీ. తలుపు తెరుచుకుందని చెప్పు."