తిప్పేసిన గుడారం

మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్న తండ్రి కూతుర్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆర్కిటెక్ట్‌గా ఇళ్లు గీసే ఆమె, నగర ప్రణాళిక చదవాలని ఇంటర్వ్యూకి వెళ్లి వస్తోంది.

“ఏమడిగారమ్మా?”

“చిన్నప్పటి మీ వీధి గీయమన్నారు నాన్నా. మనం ఉన్న శరణార్థుల శిబిరం గీశాను.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గుడారాలు చూసి సీటిస్తారా? నువ్వు కట్టించిన మేడ ఒకటి గీయకపోయావా?”

“ముందు విను. అధికారులు గుడారాలన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండేలా వేశారు కదా. ఎవరి గుమ్మంలోంచి చూసినా ముందువాళ్ల గుడారం వీపే. నువ్వేమో మనది పీకి, వెనకింటి అత్త గుమ్మానికి ఎదురుగా తిప్పేశావు.”

“మీ అమ్మ పోరు పడలేక తిప్పాను. అత్తతో కబుర్లు లేనిదే ఆవిడకి పొయ్యి వెలిగేది కాదు. అదీ చెప్పేశావా?”

“చెప్పాను. మనల్ని చూసి మిగతావాళ్లూ ఎదురెదురుగా ఉండేలా తిప్పేసుకున్నారనీ, మధ్యలో పిల్లలకి ఆడుకునే వాకిలి వచ్చిందనీ చెప్పాను.”

“హవ్వ! అనుమతి లేకుండా చేసిన పని అది. ఆ శిబిరం అధికారి అక్కడ లేడు కదా?”

“లేడులే. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒక పెద్దావిడ మాత్రం, ‘ఇళ్లు బాగానే గీస్తున్నావుగా, మళ్లీ చదువెందుకు?’ అంది.”

“నేనూ అదే అడుగుతున్నా.”

“ఇల్లు గీయడం వచ్చు, రెండిళ్ల మధ్య జాగా గీయడం రాదన్నాను. సీటిచ్చేశారు.”

“ఆ ముక్క ముందు చెప్పొద్దూ! ఇందాకట్నుంచి ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడ్డాను. సరేగానీ తల్లీ, ఈ చదువుతో ఊళ్లు కూడా గీస్తావా?”

“గీస్తాను.”

“అయితే, ఎవరూ వచ్చి మనల్ని లేచి పొమ్మనని ఊరు ఒకటి గీయి.”

“అందుకేగా నాన్నా వెళ్తున్నది.”