డాక్టరమ్మ కోకో కాటా

నీళ్లు తాగావా అమ్మాయ్? తాగావుగా, అయితే ఇప్పుడు చెప్పు వచ్చిన పనేమిటో. ఎవరి గురించీ, డాక్టరు సెర్వాగారి గురించా? నీ ఇల్లు బంగారం గానూ, ఆ మాట గుమ్మంలోనే అని ఉంటే నీళ్లకు బదులు కల్లు పోసేవాణ్ణి కదా. రాసుకుంటావా? రాసుకో, రాసుకో. నేను ఆవిడ దగ్గర పంతొమ్మిదేళ్లు పనిచేశాను. డాక్టరునా అంటే కాదు, కాంపౌండరునా అంటే అదీ కాదు. తూచేవాణ్ణి. మనుషుల్ని తూచేవాణ్ణి. అంతకుముందు కోకో గింజలు తూచేవాణ్ణి. ఈ ఫోసుక్రోమ్‌లో క్లర్కు బదు అంటే తెలియనివాడు లేడు, అందులో సగంమంది తిట్టడానికే తలుచుకునేవాళ్లనుకో.

ఆవిడదంతా ఒకటే పిచ్చి. గుండె చెడినవాడు గుండె ఆగి పోవడం కంటే ముందు ఒంట్లో నీరు చేరి, ఆ నీళ్లలోనే ఊపిరాడక మునిగిపోతాడు. ఆయాసం వచ్చాక ఆసుపత్రికి తెస్తే ఏం లాభం, రెండురోజుల ముందే కనిపెట్టాలి. ఎలా? రోజూ పొద్దున్నే ఒకే వేళకి తూచాలి. ఒక్కరోజులో కేజీ పెరిగాడా, అది ఫుఫు ముద్దలు తిన్న బరువు కాదు, నీరు. వెంటనే మందిచ్చి ఉచ్చ పోయించాలి. ఇదీ ఆవిడ పరిశోధన, నవ్వకు మరి, ఇదే. రాజధానిలో పెద్ద డాక్టర్లు నవ్వేవాళ్లు. ఒకాయన ఇక్కడిదాకా వచ్చి, "సెర్వా, ప్రపంచమంతా గుండె లోపలికి తొంగిచూసే యంత్రాలు కొంటుంటే నువ్వు సంతలో మేకల్ని తూచినట్టు తూస్తున్నావేమిటి?" అన్నాడు. ఆవిడ, "అన్నయ్యా, నీ యంత్రం కరెంటు పోతే పడుకుంటుంది. నా కాటా పడుకోదు" అంది. ఆవిడ గొంతు నేను చెయ్యలేను గానీ, ఉప్పుచేప ముల్లు గొంతులో ఇరుక్కున్న కోడిలా ఉండేది.

ఇక్కడి ఆసుపత్రిలో ఆవిడది నాలుగు మంచాల గది, ప్రాణంమీదికి వచ్చినవాళ్లకి. ఆ గదికి కాటా లేదు. ఉన్న ఒక్కదాని మీదా లారీ డ్రైవరు ఒకడు, ఈ ఇంటి తలుపంత ఉంటాడు, ఎక్కి నిలబడేసరికి స్ప్రింగు తెగింది. పిల్లల కాటా ఇరవై కేజీలకే చేతులెత్తేస్తుంది. అప్పుడావిడ తిన్నగా మా కోకో షెడ్డుకి వచ్చింది. కంపెనీ కొత్త కాటాలు దించింది, పాతది మూలన పడి ఉంది. "ఇది నాకిచ్చెయ్. దీన్ని చదివేవాడెవరు?" "నేనేనమ్మా." "అయితే నువ్వూ రా." అంతే, కాటాతోపాటు నన్నూ మోసుకెళ్లినట్టయింది.

ఇక్కడ ఒక సంగతి నీకు చెప్పాలి, దాచేదేముంది, ఊరందరికీ తెలిసిందే. ఆ కాటా కడ్డీమీద జరిగే గుండు ఉంటుంది చూడు, దాని అడుగు బోలు. అందులో నేను సీసం కరిగించి పోశాను. అరవైనాలుగు కేజీల బస్తా అరవై అని చదివేది. మిగతా నాలుగూ... సరే, ఆ లెక్క దేవుడు నన్ను అడుగుతాడు, నువ్వడక్కు. ఆసుపత్రికి వెళ్లేముందు తీసేద్దామని శీలతో గీకాను, సుత్తితో కొట్టాను, నా పాపంలాగే ఊడిరాలేదు. పోనీలే అనుకున్నాను. ఆవిడకి కావలసింది పెరిగాడా తగ్గాడా అనేకదా, అసలు బరువుతో ఏం పని అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆవిడకి చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉందనుకో.

అలా అయిపోతే బాగానే ఉండేది. కానీ పడుకున్నవాళ్లంతా ఎవరు? కోకో రైతులు. వాళ్లకి పొద్దున్నే అదే కాటా, దాని పక్కన ఇదే మొహం. ఇక చేతులు ఊరుకుంటాయా? బస్తా అడుగున రాళ్లు పెట్టిన చేతులాయె. పెరగడమంటే లాభం, తగ్గడమంటే నష్టం అని తాతలనాటి నుంచి రక్తంలో ఉంది. ఆడవాళ్లు నడుం గుడ్డలో రాయి ముడేసుకునేవాళ్లు, మగవాళ్లు చంకలో. ఊపిరి అందనివాడు, మాట రానివాడు, చంకలో రాయి మాత్రం జారనిచ్చేవాడు కాదు. డాక్టరమ్మేమో పుస్తకంలో చూసుకుని, "ఈయన రాత్రికి రాత్రే కేజీన్నర పెరిగాడు, నీరు, నీరు" అని మందు పొడిచేది. పాపం ఆ రాయి మోసినవాడు సాయంత్రందాకా దొడ్డికి, మంచానికి మధ్య తిరిగేవాడు. తిరిగొచ్చి ఇంకాస్త పెద్ద రాయి వెతుక్కునేవాడు.

నాకు తెలియదా అంటే, మూడోరోజే తెలిసింది. పొకువా అని ఒక ముసలమ్మ ఉండేది, నాలుగో మంచం. నేను ఆవిణ్ణి కుర్చీతో సహా కాటా మీదికి ఎక్కిస్తుంటే నడుం దగ్గర గట్టిగా తగిలింది. నేను అటు చూశాను. ఆవిడ గుండు వంక చూసింది. "ఏరా బదూ, నా గుడ్డలో ఏముందో నువ్వడక్కు, నీ గుండులో ఏముందో నేనడగను. ఇద్దరం ఊరివాళ్లం" అంది. అది ముసలిదా, మంత్రిగా ఉండాల్సిన మనిషి. నేనేమంటాను, "అలాగే నానా" అన్నాను, అవ్వల్ని ఇక్కడ అలాగే పిలుస్తాం. ఎనిమిదేళ్లు ఆ గదిలో రాళ్లూ సీసమూ కాపురం చేశాయి. మధ్యలో డాక్టరమ్మ, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, పుస్తకాలమీద పుస్తకాలు నింపేది. పొకువా అయితే ఆర్నెల్లకోసారి పుట్టింటికి వచ్చినట్టు వచ్చేది, తన రాయి తనే తెచ్చుకునేది.

ఎనిమిదో ఏడు రాజధానిలో డాక్టర్ల పెద్ద సభ. ఆవిడ తన పరిశోధన చదవాలి. చదివి ఒప్పిస్తేనే ఆ గది ఉంటుంది, లేకపోతే నాలుగు మంచాలూ తీసి కాళ్లు విరిగినవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఆ పొద్దున కొత్త గుడ్డ కట్టింది, జీపు వాకిట్లో ఉంది. నేను పొకువాని తూచాను. అరవైఒకటి, నిన్న ఎంతో ఇవాళా అంతే. డాక్టరమ్మ, "భేష్, ముసలమ్మ నిలకడగా ఉంది" అని రాసుకుని జీపెక్కింది. నేను పొకువాని మంచంమీదికి దించుతూ చూద్దునుకదా, నడుం మెత్తగా తగిలింది. "నానా, రాయేదీ?" "ఊడ్చే ఆవిడ పారేసిందిరా, దాని చేతులు పడిపోను" అంది, అంటూనే ఊపిరికోసం ఆగింది. కాలిమీద బొటనవేలు నొక్కాను, గుంట పడింది, పూడలేదు. ఆ రాయి నాకు తెలుసు, రెండు కేజీలు. రాయి పోయినా బరువు అంతే ఉందంటే ఏమిటి అర్థం? నువ్వు చదువుకున్నదానివి, చెప్పక్కర్లేదు.

చెబితే నా సీసం బయటపడుతుంది, ఆవిడ ఎనిమిదేళ్ల పుస్తకాలూ పొయ్యిలోకి పోతాయి, గది కూడా పోతుంది. చెప్పకపోతే ముసల్ది రేపటికి ఉండదు. ఆలోచించానా అంటే, అబద్ధం ఎందుకు, గుమ్మందాకా నడిచినంతసేపు ఆలోచించాను. తరవాత పరిగెత్తాను. ఒక చెప్పు ఊడింది, వదిలేశాను. జీపు ముందు చేతులు చాపి నిలబడితే డ్రైవరు, "ఏరా, చావాలని ఉందా?" అన్నాడు. "అమ్మా, పొకువా రాయి లేదమ్మా" అన్నాను. "ఏ రాయి?" అంది. "రోజూ కట్టుకునే రాయి." "ఎందుకు కట్టుకుంటుంది?" "అందరూ కట్టుకుంటారమ్మా." ఆవిడ మొహం చూడలేక గుండులో సీసం సంగతి కూడా జీపు చక్రానికే చెప్పాను.

జీపు దిగిపోయిందావిడ. కొత్త గుడ్డ మోకాళ్లమీదికి ఎత్తి పట్టుకుని గదిలోకి ఉరికింది. సూదిమందు, గాలిగొట్టం, కూర్చోబెట్టి వెనక దిళ్లు. ముసలమ్మ సాయంత్రానికి అరబకెట్టు పోసింది, ఆ బకెట్టు మోసింది నేనే, అంత ఆనందంగా ఏ బస్తా మొయ్యలేదు. తెరిపిన పడగానే డాక్టరమ్మ మంచాలకింద వెతికించింది. పదకొండు రాళ్లు. నాలుగు మంచాలకి పదకొండు. వాటిని బల్లమీద వరసగా పెట్టి ఒక్కోదాని ముందు నిలబడి, "ఇదెవరిదీ?" అంటుంటే, పెళ్లిలో చెప్పులు పోయినవాళ్లలా చేతులెత్తారు. పొకువా గాలిగొట్టం పక్కకి లాగి, "నాది బయటుంది, చెత్తకుప్పలో చూడండి, నల్లది, మంచి రాయి" అంది.

సభకి వెళ్లలేదు. ఉత్తరం రాసింది. "నా అంకెల్లో రాళ్లున్నాయి. ఏరుకుని వస్తాను." అంతే ఉత్తరం. అక్కడ ఎంత నవ్వుకున్నారో. అయినా ఆ మేకల డాక్టరు అన్నయ్య ఉన్నాడే, ఆయనే లేచి, "తప్పు తనే చెప్పుకున్న మనిషి గదిని మూయకండి" అన్నాడట. ఎనిమిదేళ్ల పుస్తకాలకి అడ్డంగా ఎర్రగీత గీసి, యాభైమూడేళ్ల వయసులో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. కమ్మరిని పిలిపించి అందరిముందూ సీసం కరిగించింది, పొకువాకి ముందువరసలో కుర్చీ వేయించింది. నన్ను పొమ్మంటుందని మూట కట్టుకుని నిలబడ్డాను. "ఎక్కడికి? నీ అంత బాగా దొంగతనం తెలిసినవాడు నాకింకెక్కడ దొరుకుతాడు" అంది. అప్పట్నుంచి అందరికీ ఆసుపత్రి గుడ్డే, తూచేముందు తడిమేది నేనే. ఏడేళ్లకి నూట తొంభైమంది లెక్క తేలింది. ఆ సభకే వెళ్లి చదివింది. ఇప్పుడు ఎన్నో ఊళ్లలో పొద్దున్నే తూస్తున్నారంటే అదే.

తరవాత? తరవాత నాలుగేళ్లకి ఆవిడే వచ్చి ఆ గదిలో పడుకుంది. రెండో మంచం. తన గుండే. రోజూ నేనే తూచేవాణ్ణి. ఒకనాడు కుర్చీలో కూర్చోబెట్టి గుండు జరిపితే, కడ్డీ కిందికి దిగదే. ఇంకా జరిపాను. నిన్నటికంటే కేజీన్నర ఎక్కువ. అప్పటికే మందులు పనిచెయ్యడం మానేశాయి, ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నా జన్మలో మొదటిసారి, నాకే లాభమూ లేకుండా, తగ్గించి చదవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. ఆవిడ కళ్లు మూసుకునే, "ఉన్నది చదువు బదూ" అంది. చదివాను. కాసేపు వేళ్లమీద ఏదో లెక్క వేసుకుంది. "సరిగ్గానే చెప్పాం అయితే, ఇంక రెండురోజులు" అంది, పందెం గెలిచినదానిలాగా. "పుస్తకంలో రాయి. పేరు వద్దు. నూట తొంభైఒకటి అని రాయి."

రాశాను.

లే అమ్మాయ్, ఆ మబ్బు చూశావా, వాకిట్లో చాపలమీద కోకో గింజలు తడిసిపోతాయి. నువ్వు ఆ కొస పట్టుకో.